పటము వెనుకవైపు

మన తెలుగు గృహములలో పటము లేని గోడ అరుదు. దేవుని గదిలో లక్ష్మీనరసింహస్వామి పటము, వసారాలో గతించిన పెద్దల ఛాయాచిత్రములు, పిల్లలు చదువుకొను గదిలో దేశనాయకుల చిత్రములు, కోడలు పుట్టినింటినుండి తెచ్చుకొనిన కుట్టుపని, ఇవి యన్నియు కొయ్యచట్రముల నడుమ, అద్దముల వెనుక నిలిచి యుండును. పండుగ ముందు వానిని దింపి తుడుచువారము మనమే. బొట్టు పెట్టి దండ వేయువారమును మనమే. అయినను పటమును బోర్ల త్రిప్పి దాని వెనుకవైపు చూచు అలవాటు మనకు లేదు. దుకాణమున పటము కట్టించునప్పుడు సైతము చట్రమునకు బంగారు పూత యున్నదా, నగిషీ బాగున్నదా యని చూచెదము గాని, అద్దము దేని ఆధారమున నిలిచినది, వెనుక పెట్టిన అట్ట యెట్టిది, దానిని బిగించిన మేకు లెట్టివి యని అడుగము. పటమునకు అందము ముందువైపున నున్నను ఆయువు వెనుకవైపుననే యున్నది. ఆ సంగతి మా యింటి యనుభవమువలన నాకు బాగుగ తెలిసినది గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మొదట పటమను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. సంస్కృతమున పటమనగా వస్త్రము. తెలంగాణమున నేటికిని 'పటము కథ' యను మాట ఆ యర్థముననే నిలిచి యున్నది. మా ఆలేరునకు ఉత్తరమున నున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల జిగురును కలిపి పూతలు పూసి, దానిపై ఎఱ్ఱరంగు పరచి పురాణకథలను చిత్రించుదురు. కథకులకొఱకు వ్రాసిన పూర్వపు చుట్టలు పదుల అడుగుల పొడవుండెడివి. వానిని ఊరూర విప్పి చూపుచు కథ పాడి చెప్పెడివారు. మా ఊర నేతవృత్తివారు అనేకులు గలరు. పద్మశాలీల మార్కండేయపురాణమును అట్టి పటము చూపి చెప్పువారు కూనపులివారు. ఆ పటమునకు చట్రము లేదు, అద్దము లేదు. కథ ముగిసినంతనే చుట్టిపెట్టుదురు. చుట్టలోపల బొమ్మకు వెలుతురు తగులదు, దుమ్ము చేరదు.

గోడమీది పటము తరువాత వచ్చినది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును నెలకొల్పిన పిమ్మట దేవతాచిత్రములు కాగితముపై అచ్చుపడి సామాన్యుల యిండ్లకు చేరినవి. ఆ బొమ్మల చీరలకు జరీయు పూసలును కుట్టి అలంకరించు వేడుకయు నుండెడిది. ఆ కాలముననే మన ప్రాంతమున ఛాయాచిత్రమును వ్యాపించినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారులగు రాజా దీనదయాళుగారికి సికింద్రాబాదున చిత్రశాల యుండెను. వారు 1892లో హైదరాబాదున గోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెఱచి, దానిని ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించిరి. పరపురుషుని యెదుట నిలువని స్త్రీల ముఖములును కాగితముపైకి వచ్చుటకు ఆ విధమున దారి యేర్పడినది. అయితే కాగితము గుడ్డవంటిది కాదు. చుట్టి పెట్టిన మడతలు పడి విఱుగును; తెఱచి పెట్టిన పొగయు, చెమ్మయు, పురుగును పట్టును. అందువలన అద్దము అవసరమైనది. అద్దమునకు చట్రమును, చట్రమునకు వెనుక కట్టును అవసరమైనవి.

మన వాడుకలో పటమును 'కట్టించెదము'. ఈ క్రియను గూర్చి కొంచె మాలోచింపుడు. మూటను కట్టుదుము, ఆవును గుంజకు కట్టుదుము, తోరణమును ద్వారమునకు కట్టుదుము. వలసినప్పుడు విప్పుదుము. కట్టుట యనుమాటలో విప్పుట యిమిడి యున్నది. విప్ప వీలులేనట్లు చేసినదానిని అతుకుట యందుము. పటమును కట్టవలెను గాని అతుకరాదు. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే. మిగిలిన దంతయు దాని వివరము.

ఇక మా యింటి సంగతి. నా భర్తకు ఒక అక్క యుండెను. తొమ్మిదవ యేట జ్వరముతో పోయినది. నేనామెను ఎఱుగను. ఆమె రూపమునకు మిగిలిన గుర్తు ఒక్క నలుపు తెలుపు ఛాయాచిత్రమే. రెండు జడలు, చేతిలో పలక, నవ్వవలెనా వద్దా యని సందేహించుచున్నట్టి పెదవులు. దానిని తీసిన చిత్రశాల యెన్నడో మూతపడినది, ఫిలిము లేదు. మా అత్తగారు ఆ చిత్రమును పట్టణమునందలి యొక దుకాణమున పటము కట్టించి, ముప్పది యేండ్లకు పైగా వసారా గోడకు పెట్టుకొనిరి. ఉదయము చాయ త్రాగునప్పుడు ఆమె యెల్లప్పుడును ఆ గోడవైపు ముఖముగా కూర్చుండును. దాని కారణము నేను కాపురమునకు వచ్చిన చాలకాలమునకు గాని గ్రహింపలేదు.

ఒక శ్రావణమాసమున ఎడతెగని వానలు కురిసినవి. ఒకనాటి ఉదయమున మా అత్తగారు నన్ను పిలిచి, "బిడ్డా, పిల్ల చెంపమీద నూనె పడినట్టున్నది, చూడు" అనిరి. చూడగా ఎడమ చెంపమీద రూపాయి బిళ్ళంత మేర నిగనిగలాడుచున్నది. అది నూనె కాదు. ఆ చోట చిత్రము అద్దమునకు అంటుకొని యున్నది. అద్దము తీసి మెల్లగా లాగిన ఊడి వచ్చునని మా మఱది చెప్పెను. అత్తగారు పటమును రొమ్మునకు హత్తుకొని, "లాగవద్దు" అనిరి. అంతకంటె నొక్క మాట యైన ననలేదు. ఆ చెంప ఊడిపోయినచో ఆ ముఖము లోకమున మఱెక్కడను లేదు.

ఇట్లేల యగునో తెలిసికొనుట మంచిది. ఛాయాచిత్రపు ముఖమున జిలాటిను అను సన్నని పొర యుండును. బొమ్మ యున్నది ఆ పొరలోనే. చెమ్మ తగిలిన నది ఉబ్బి మెత్తబడి జిగురగును. అద్దమునకు ఆని యున్నయెడల, తిరిగి ఆరునప్పుడు అద్దమునే పట్టుకొనును. అప్పుడు లాగిన కాగితము చేతికి వచ్చును గాని బొమ్మ అద్దముమీదనే నిలుచును. కావున అంటిన చిత్రమును లాగరాదు, సందున కత్తి దూర్పరాదు, ఇంటియొద్ద నీట నానవేయరాదు. అద్దముతో కూడ నట్లే యుంచి, అద్దము మీదుగానే ప్రతి తీయించుకొనవలెను.

మా వీధి చివర ఒక వడ్రంగి తాత కలడు. నాగళ్ళును, దర్వాజలును చేసి చేయి తిరిగినవాడు. నా భర్త పాఠశాలనుండి వచ్చిన పిదప ఆయనను పిలుచుకొని వచ్చిరి. తాత గోనెసంచిని పరచి, దానిమీద పటమును బోర్ల పెట్టి, కండ్లద్దములు సవరించుకొని చాలసేపు ఊరక చూచెను. పిదప నావైపు తిరిగి, "అమ్మా, ఇది కట్టింది కాదు, కొట్టింది" అనెను.

మేకులను ఒక్కొక్కటిగా పట్టకారుతో పెకలించుచు ఆయన చూపినవి నేను మనసున గుర్తు పెట్టుకొంటిని. వెనుక పెట్టినది సబ్బుపెట్టె అట్ట. అది గోడ చెమ్మను పీల్చి పొంగి, చిత్రమును అద్దమునకు నెట్టినది. చిత్రమునకును అద్దమునకును నడుమ వెండ్రుకవాసి సందైనను లేదు. అద్దము గాడికి అంచుకంచు బిగుతుగా నుండుటచే ఒక మూల బీట వాఱినది. మేకులను అట్టమీదుగా నిలువున చట్రములోనికి దిగగొట్టియుండిరి. అవి తుప్పుపట్టి అట్టను తినివేసినవి. అంచులకు మైదాజిగురుతో అంటించిన కాగితమును వెండిరంగు పురుగులు కొఱికి దారులు చేసినవి. ముందువైపున మాత్రము బంగారు పూత చెక్కుచెదరలేదు.

ఆ దోషములను తలక్రిందు చేసి చూచిన మంచి పటము కట్టు పద్ధతి దొరకును. దానిని క్రమముగా వ్రాయుచున్నాను. వడ్రంగిచే చేయించుకొనువారికిని, స్వయముగ చేయువారికిని, దుకాణమున నిలిచి అడుగువారికిని ఇది పనికివచ్చును.

చట్రపు పట్టెకు వెనుకవైపున, లోపలి అంచువెంట మెట్టువలె తీసినచోటు గాడి. అద్దమును, చిత్రమును, అట్టయు కూర్చుండునది ఆ మెట్టుమీదనే. దాని లోతును కొయ్య కోయకముందే లెక్కింపవలెను. అద్దము 2 మిల్లీమీటర్లు, అద్దమునకు చిత్రమునకు నడుమ పెట్టు అట్ట 2, చిత్రమును దాని వెనుక కాగితమును కలిసి 1, వెనుక పలక 3, వెరసి 8 మిల్లీమీటర్లు. మేకు నిలుచుటకు మఱి 4 విడిచినయెడల గాడి లోతు 12 మిల్లీమీటర్లు కావలెను. చౌకపట్టెలకు ఇంత లోతుండదు. అందుచేతనే అన్నిటిని కుదించి నెట్టుదురు. జరీయు పూసలును కుట్టిన బొమ్మకు, దారపుముళ్ళు గల కుట్టుపనికి ఇంకను లోతు వలయును. మెట్టు వెడల్పు 6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. తగ్గిన నది అద్దపు టంచును పట్టియుంచలేదు.

తరువాత అద్దము. కొయ్య వానకాలమున ఉబ్బును, ఎండకాలమున కుదియును. మా ఆలేరున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. వానలు పట్టిన పిమ్మట అవే తలుపులు బిగిసి మూతపడక మొరాయించును. అద్దము కొయ్యవలె ఉబ్బుటయు కుదియుటయు నెఱుగదు. కావున గాడి కొలతకంటె పొడవునను, వెడల్పునను 3 మిల్లీమీటర్లు తక్కువగా అద్దమును కోయింపవలెను. ఆ సందు ముందువైపునకు కనబడదు; మెట్టు దానిని కప్పును. కొయ్య కదలుట కా సందు చాలును. ఇక బరువు సంగతి. 2 మిల్లీమీటర్ల మందము గల అద్దము 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవున్నయెడల ఒక కిలోగ్రాము తూగును. అంత బరువును రాత్రింబగళ్ళు మోయునది క్రింది పట్టె గనుక దాని మూలల అతుకులు గట్టిగ నున్నవో లేవో అద్దము పెట్టకముందే చూడవలెను. పాతపటముల అద్దములలో సన్నని అలలు కనబడుట కలదు. 1959లో ఇంగ్లండునందలి పిల్కింగ్టన్ సంస్థవారు కరగిన తగరముపై గాజును తేల్చి పలకలు చేయు పద్ధతిని ప్రకటించిరి; నేటి తిన్నని అద్దములు ఆ పద్ధతివలన వచ్చినవి. అలలున్న పాత అద్దము పగులక యున్నయెడల పాఱవేయకుడు. అదియు ఆ పటపు వయస్సునకు సాక్షియే.

అద్దమునకును చిత్రమునకును నడుమ గాలి యుండవలెను. ఇందుకు రెండు మార్గములు గలవు. కిటికీవలె నడుమ కోసిన మందపు అట్టను చిత్రముపై నుంచుట యొకటి. అట్టి అంచు వలదన్నచో, మెట్టు చాటున కనబడకుండునట్లు నాలుగుప్రక్కల 2 లేక 3 మిల్లీమీటర్ల సన్నని పుల్లలు పెట్టుట రెండవది. ఈ సందు ఛాయాచిత్రములకే గాక చేర్యాల బొమ్మలకును అవసరము. ఇప్పుడు ఆ చిత్రకారులు పటము కట్టుటకు వీలగు చిన్న బొమ్మలును వ్రాయుచున్నారు. ఆ గుడ్డమీద గంజియు జిగురును గలవు గనుక చెమ్మ తగిలిన నవియు అద్దమునకు అంటవచ్చును. పురుగులకును అది యిష్టమైన ఆహారము.

చిత్రము వెనుక నేరుగా చెక్కను గాని పాత అట్టపెట్టె ముక్కను గాని పెట్టరాదు. పాతకాలపు దేవతాపటములను విప్పిన, వెనుక చెక్కపలకల నడుమ సందున్నచోట కాగితముపై గోధుమరంగు చాఱ పడియుండుట చూడవచ్చును. చెక్కనుండి వచ్చు ఆమ్లమును, సందునుండి వచ్చిన గాలియు ధూళియు చేసిన పని యది. కావున చిత్రమునకు ఆనుకొని నూలుగుజ్జుతో చేసిన తెల్లని చేతికాగితమును పెట్టి, దాని వెనుక హార్డుబోర్డు గాని పలుచని ప్లైవుడ్డు గాని పెట్టవలెను. చిత్రమును ఆ కాగితమునకు పూర్తిగా అంటింపరాదు. ఛాయాచిత్రమైన నాలుగు మూలలకు కాగితపు జేబులు మడిచి వానిలో నిలుపుట మేలు. కాగితముపై అచ్చుపడిన బొమ్మయైన పైయంచున రెండు సన్నని కాగితపు ముక్కలను గంజితో అంటించి, వానినుండి స్వేచ్ఛగ వ్రేలాడనిండు. పారదర్శకపు టేపు కొంతకాలమునకు పసుపుబాఱి, దాని జిడ్డు బొమ్మలోనికి దిగును. వడ్రంగులు వాడు తెల్లజిగురు కొయ్యకు మంచిదే గాని చిత్రమునకు పనికిరాదు.

ఇప్పుడు ముఖ్యమైన పని, మేకులు. వెనుక పలకమీదుగా నిలువున కొట్టుట తప్పు. మేకు పలకకు సమాంతరముగా పండుకొని, సగము గాడి గోడలోనికి దిగి, సగము పలకపై నుండవలెను. 18 లేక 20 మిల్లీమీటర్ల పొడవుగల తలలేని సన్నమేకులు చాలును. పట్టె వెడల్పు మేకు దిగు లోతుకంటె అధికముగ నుండవలెను, లేనిచో మొన వెలుపలికి పొడుచుకొని వచ్చును. ప్రతి మూలకు రెండంగుళముల దూరమున నొకటి, నడుమ మూడు నాలుగంగుళముల కొకటి చొప్పున పెట్టుడు. టేకువంటి గట్టికొయ్యకు ముందుగా సన్నని బెజ్జము వేయవలెను. మేకు దింపు పట్టె వెలుపలివైపు బరువైన దిమ్మెకు ఆనియుండవలెను. అప్పుడు దెబ్బ దిమ్మె మోయును, అద్దము మోయదు. సుత్తిని పైకెత్తక, పలకపై ఒక అట్టముక్క పరచి దానిమీద జార్చుచు చిన్నదెబ్బలు వేయవలెను. మా తాత సుత్తి వాడక, పట్టకారు ఒకదవడను పట్టె వెలుపల, ఒకదవడను మేకు తలమీద నుంచి నొక్కి దింపెను. పట్టెకు గీత పడకుండ వెలుపల అట్టముక్క నుంచెను. మా కది చాల సులువుగ తోచినది. బలము తక్కువగల చేతులకును సాధ్యమైనది.

మేకు పలకను తాకి నిలుపవలెను గాని అణచరాదు. అణచినచో అద్దము మూలలయందు పగులును. వదులైనచో అద్దము కదలును. ఇది తెలియుటకు పటమును చెవిదగ్గఱ పెట్టుకొని వ్రేలితో తట్టి వినవలెను. మా యిల్లు సికింద్రాబాదు కాజీపేట రైలుకట్టకు దూరము కాదు. బండి పోవునప్పుడు వదులుపటములు తామే చెప్పును. వదులున్నచోట మఱి నాలుగు మేకులు కొట్టుటకు బదులు వెనుక నొక పలుచని కాగితపు అట్ట చేర్చుడు. ఇనుపమేకులు తుప్పుపట్టును గనుక దొరికినచోట ఇత్తడిమేకులు మేలు. మాకు పొరుగుననున్న పెంబర్తి యిత్తడిపనికి పేరుపడినది. ఆ లోహము తుప్పుపట్టదని మాకు వేఱొకరు చెప్పనక్కఱలేదు.

మాటిమాటికి విప్పవలసిన పటమునకు, అనగా పిల్లల బొమ్మలు మార్చిపెట్టు చట్రమునకు, మేకులకంటె తిరుగుడు బిళ్ళలు మంచివి. బొటనవ్రేలంత కొయ్యముక్కను గాని, రేకుముక్కను గాని ఒక మరమేకుతో చట్రపు వెనుక బిగించినయెడల అది త్రిప్పగా పలకమీదికి వచ్చును, మరల త్రిప్పగా తొలగిపోవును.

పిమ్మట చట్రమునకును పలకకును నడుమ సందును కాగితముతో మూయవలెను. ఈ పని వాన వెలిసి రెండు మూడు దినములు ఎండ కాసిన తరువాత చేయుడు; ముసురులో మూసినచో చెమ్మను లోపల బంధించినట్లగును. బ్రౌనుకాగితపు పట్టీలను మైదాజిగురుతో అంటించు వాడుక కలదు. పురుగు తినకుండ పుస్తకములు కట్టువారు ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక వంటపాత్రలలో కలుపరాదు, పిల్లలకు అందనీయరాదు, చిత్రమునకు తగులనీయరాదు. విప్పదలచినప్పుడు ఆ పట్టీని కత్తితో కోసిన చాలును, క్రొత్తది అంటించుకొనవచ్చును.

పటమును వ్రేలాడదీయు కొక్కెములు ప్రక్కపట్టెలకు, పైనుండి మూడవవంతు దిగువగా మరమేకులతో బిగింపవలెను. వెనుక పలకకు ఎన్నడును బిగింపరాదు. క్రింది రెండు మూలల వెనుక బెండుముక్కలు గాని రబ్బరుముక్కలు గాని అంటించినయెడల గోడకును పటమునకును నడుమ గాలి ఆడును. వానజల్లు కొట్టు వెలుపలి గోడకు ప్రియమైన చిత్రములు పెట్టకుడు. సంవత్సరమున కొక్కసారి యైన దింపి వెనుకవైపు చూడుడు. పటముల చాటున బల్లులు గ్రుడ్లు పెట్టును, పిచ్చుకలు గూడు కట్టును, చెదలు సద్దుచేయక పైకి ప్రాకును. ముందునుండి చూచువారికి ఇవేవియు తెలియవు.

మనము చేయు పనియైన తుడుపును గూర్చి యొక మాట. అద్దముపై నీళ్ళు చల్లి తుడిచినయెడల, నీరు అద్దపు ముఖమువెంట జాఱి క్రింది గాడిలోనికి చేరి, అచ్చటనుండి చిత్రపు అంచునకు ఎక్కును. అనేక పటములకు అడుగుభాగమే ముందుగా మచ్చపడుట కిదియే కారణము. గుడ్డను తడిపి, గట్టిగ పిండి, తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. కుంకుమ బొట్టును పలుచగ పెట్టుడు. దీపమును అగరువత్తిని పటమునకు నేరుగ క్రింద నుంచకుడు. వేడిమి అద్దమును, పొగ కొయ్యను చెఱచును.

పిల్లల తలలపైన వ్రేలాడు పటముల విషయమున అద్దమే కావలెనను పట్టుదల వలదు. నా భర్త తన తరగతిగదిలోని పటములకు ఆక్రిలిక్ పలకలు పెట్టించిరి. అది అద్దపు బరువులో సగమైనను తూగదు. పడినను వాడిముక్కలై చెదరదు. అయితే పొడిగుడ్డతో రుద్దిన గీతలు పడును, దుమ్మును ఆకర్షించును. మెత్తని తడిగుడ్డతో తేలికగ తుడువవలెను. సుద్దముక్కలతోను, బొగ్గుతోను గీసిన చిత్రములకు అది పనికిరాదు, పొడిని లాగుకొనును.

మా పటము గతి యేమైనదని మీరడుగవచ్చును. ఒక ఛాయాచిత్రకారుడు మా యింటికి వచ్చి, నల్లనిగుడ్డ అడ్డముపెట్టి మెఱుపు పడకుండ చేసి, అద్దము మీదుగానే ప్రతి తీసెను. చెంపమీది నిగనిగ కొంచెము కనబడినను ముఖము నిలిచినది. ఆ ప్రతులు నా భర్తకును, మఱదికిని తలకొకటి చేరినవి. మూలచిత్రమును అంటిన అద్దమునుండి వేఱుచేయలేదు. తాత మా పాత దర్వాజాలోని టేకుముక్కను చిత్రికపట్టి, లోతైన గాడి తీసి, ఆ బీటవాఱిన అద్దము ముందు మఱొక కొత్త అద్దమును ఆధారముగా నుంచి, వెనుక పొడి కాగితమును పలకను పెట్టి, తిరుగుడు బిళ్ళలతో మూసెను. అత్తగారు పటమును చేతికి తీసికొని ముందువైపు చూడలేదు. వెనుకకు త్రిప్పి, "మళ్ళా తెరువ వస్తదా?" అని యడిగిరి. "నేను లేకున్నా మరమేకు తిప్పితే చాలు, అక్కా" అని తాత చెప్పెను. అప్పుడామె ముఖమున కలిగిన నెమ్మదిని నేను చూచితిని. బిడ్డను దాచితిమి గాని బంధింపలేదను నెమ్మది యది.

మూయకముందు ఆ తెల్లని కాగితముపై ఆమె చెప్పగా నేను వ్రాసితిని: పేరు, పుట్టిన సంవత్సరము, తల్లిదండ్రుల పేర్లు, ఊరు. ఈ పని మీరందఱును చేయవలసినదని నా ప్రార్థన. సిరా చెమ్మకు పాకును, బాల్‌పెన్ను మొన కాగితమును నొక్కి ముందువైపునకు గుర్తు చేయును. మెత్తని పెన్సిలు రెంటికంటె మేలు. చిత్రము వీపున గాక దాని వెనుక కాగితముపై వ్రాయుడు. సంవత్సరము తప్పక వేయుడు. ఊరిపేరు వ్రాసినంతనే చాలదు. మా ఆలేరే 2016 వఱకు నల్లగొండ జిల్లాలో నుండి, అటుపిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ముందువైపు ముఖములెవరివో నేడు మన అత్తలకు తెలియును, అమ్మలకు తెలియును. వారితో అడిగి వ్రాయించుకొనని పటములలోని వారు రెండు తరములలో పేరులేనివారగుదురు. ఈ పండుగకు పటములు దింపినప్పుడు తుడుపుగుడ్డతోపాటు ఒక పెన్సిలును దగ్గఱ నుంచుకొనుడు. ఇంటి పెద్దామెను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.